తోట గోడ కట్టిస్తున్నారా? ముందు వెనక ఏం నింపుతారో తేల్చుకోండి

మొన్నటి వానకు హన్మకొండ శివారులో ఒక కొత్త ఇంటి తోట గోడ రాత్రికి రాత్రి దారి మీదికి ఒరిగిపోయింది. ఆ వేళ అటుగా ఎవరూ రాకపోవడం అదృష్టం. ఇటుక నాసిరకమని ఇంటివాళ్లు మేస్త్రీని తిడుతున్నారు. కూలిన ముక్కలను చూశాను, ఇటుకకు ఏ లోపమూ లేదు. గోడ వెనక మాత్రం నల్లరేగడి మట్టిని అంచుదాకా కూరారు. నీరు బయటికి రావడానికి ఒక్క రంధ్రమూ లేదు.

మన దగ్గర మట్టిని ఆపే గోడలు కూలడం చాలాసార్లు ఇలాగే చూశాను. కనిపించే రాయి కోసం నాలుగు దుకాణాలు తిరుగుతారు. వెనక నింపడానికి మాత్రం పునాదిలో తవ్విన మట్టినే తోసేస్తారు, ఖర్చు కలిసొస్తుందని. నల్లరేగడి నీరు తాగితే ఉబ్బుతుంది, నీటిని త్వరగా వదలదు. వెనక నాలుగడుగుల ఎత్తున నీరు నిలిస్తే, ఆ నీరొక్కటే గోడను ప్రతి మీటరు పొడవుకూ సుమారు 700 కిలోల బలంతో నెడుతుంది. ఎత్తు రెట్టింపయితే నెట్టుడు నాలుగు రెట్లవుతుంది. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. గోడ కూలడానికి అంత వాన అక్కర్లేదు, రెండు రోజులు విడవని ముసురు చాలు.

రాయి: మన గ్రానైటు రాళ్లకు మించినది లేదు. బరువే దాని బలం. అడుగున గోడ మందం ఎత్తులో కనీసం సగం ఉండాలి. ఓరుగల్లు రాతికోటలో గ్రానైటు దిమ్మెలను సున్నం లేకుండానే పేర్చారు. తోటలో మోకాలెత్తు గోడకు అలాంటి పేర్పు భేషుగ్గా సరిపోతుంది, సందుల్లోంచి నీరు దానంతటదే కారిపోతుంది.

ఇటుక: ఎర్రదైనా బూడిద ఇటుకైనా ఇంటి గోడకు మంచిదే. తొమ్మిది అంగుళాల ఇటుక గోడ ప్రహరీకి సరే, మట్టిని ఆపడానికి కాదు. లోపల గాలి బుడగలుండే తేలికపాటి ఏఏసీ సిమెంటు దిమ్మెలు అసలే వద్దు. స్తంభాల మధ్య పలకలు దించే రెడీమేడ్ ప్రహరీకి ఆనించి మట్టి పోయడం మరీ అన్యాయం. అది హద్దు చూపే గోడ, మట్టిని మోసేది కాదు.

వెనక నింపేది: గోడను ఆనుకుని కనీసం అడుగు మందాన 20 లేదా 40 ఎంఎం కంకర పోయాలి. మట్టి దానిలోకి దిగకుండా మధ్యలో జియోటెక్స్‌టైల్ గుడ్డ, అంటే నీటిని వదిలి మట్టిని ఆపే గుడ్డ, పరచాలి. దాని వెనక మొరం. నల్లమట్టిని పైన మొక్కల కోసం వేసే పొరకే వాడాలి.

మిగతావి వరుసగా చెబుతాను. నల్లరేగడిలో పునాదిని గట్టి మొరం తగిలేదాకా దించండి. గోడ కింది వరుసలో, ముందున్న నేలకు అర అడుగు పైన, ఐదారడుగులకు ఒకటి చొప్పున మూడంగుళాల గొట్టాలు బయటికి వాలుగా పెట్టించండి. వాటి వెనక మూతి కంకరలో ఉండాలి, మట్టిలో ఉంటే మొదటి వానకే పూడుకుపోతుంది. ప్లాస్టరింగ్ రోజు దగ్గరుండండి. గొట్టాల మూతులకు సిమెంటు పూసేసి, అందంగా ఉందంటారు. పనివాళ్లు వెళ్లకముందే వెనక బిందెలతో నీళ్లు పోయండి, ముందు నుంచి కారాలి. కారకపోతే డబ్బులివ్వకండి. మొరాన్ని అరడుగు చొప్పున పోసి దిమ్మిస కొట్టించండి. సిమెంటు కట్టడం గట్టిపడకముందే నింపవద్దు. డాబా మీది వాన గొట్టాన్ని గోడ వెనక వదలవద్దు. ట్యాంకు పొంగిన నీరూ అంతే. పైన ఇసుక కుప్పలు వద్దు, ట్రాక్టరు వద్దు. రావి మొలక కనిపిస్తే వేరుతో పీకేయండి. గోడ ఎత్తు నాలుగడుగులు దాటితే మేస్త్రీ మాట చాలదు, ఇంజినీరును పిలవండి.

పాత గోడ ఉంటే ఈ వారమే చూడండి. పై నుంచి దారానికి రాయి కట్టి వేలాడదీయండి. మధ్యలో గోడ దారాన్ని నెడుతుంటే ఉబ్బినట్లే. అప్పుడు గోడ అడుగున తవ్వకండి, పైనుంచి వెనక మట్టిని తీయించి భారం తగ్గించండి. ఆ మట్టి తీసేదాకా పిల్లలను అటు పోనివ్వకండి, బండ్లు అక్కడ నిలపకండి.