బొంత కుడదాం – 5వ పాఠం: విప్పాలా, వదిలేయాలా?

పోయిన పాఠంలో పొరలు పరిచి, అవి కదలకుండా పైపైన కచ్చా కుట్టు వేశాం. ఈపాటికి మీరు అంచు నుంచి లోపలికి ఐదారు వరుసలు కుట్టి, లేచి నిలబడి చూసుకుని ఉంటారు. మూడో వరుస వంకర పోయింది. ఒక టాకా, అంటే ఒక్క కుట్టు, బియ్యపు గింజంత ఉంటే పక్కది చింతగింజంత ఉంది. చెయ్యి కత్తెర మీదికి పోతోంది కదా? కాసేపు ఆగండి.

నా మొదటి బొంత మహారాష్ట్రలోని ధర్మాబాద్‌లో మా అమ్మమ్మ పాత నూలు చీరతో మొదలుపెట్టాను. ఒక వరుస నచ్చక మూడుసార్లు విప్పాను. మూడోసారి దారం లాగుతుంటే దాంతోపాటు చీరే వచ్చేసింది. రూపాయి బిళ్ళంత చిల్లు! ఏళ్ల తరబడి ఉతికిన నూలు అది, పోగులు పలచబడి ఉన్నాయి. సూది దిగిన ప్రతిచోటా ఒక రంధ్రం పడుతుంది. విప్పి మళ్లీ కుడితే దాని పక్కనే ఇంకొకటి. అవి కలిసిపోతే చిరుగే. కొత్త బట్టయితే ఓర్చుకుంటుంది, కానీ మనం బొంత కుట్టేది పాత చీరలతో, పాత ధోవతులతో.

ఏడుస్తూ కూర్చుంటే పక్కింటి మరాఠీ మావశి (పిన్ని) వచ్చింది. వాళ్లు బొంతను గోధడీ అంటారు. ఆమె చిల్లు చూసి, ఇంటికి పోయి ఎర్ర జాకెట్టు గుడ్డ ముక్క తెచ్చి అతుకు వేసింది. "కుట్టు వంకరైతే చలి రాదు, చిల్లు పడితే వస్తుంది" అంది, సగం తెలుగులో, సగం మరాఠీలో. అప్పటినుంచి నేను కుట్టును కళ్లతో కాక చేత్తో, కాలితో చూస్తున్నాను. మీకూ అదే నేర్పుతాను.

బొంతను నేల మీద పరిచి, కాలి మెట్టెను వరుసల మీద మెల్లగా ఈడ్చండి. మెట్టె లేనివాళ్లు బొటనవేలి గోరుతో చూడొచ్చు. ఎక్కడైనా తట్టుకుందంటే ఆ టాకా మరీ పొడుగ్గా ఉన్నట్టు. రాత్రి నిద్రలో కాలు తగిలి దారం తెగుతుంది, వరుస మొత్తం ఊడుతుంది. అది విప్పాల్సిందే. తట్టుకోకపోతే చింతగింజంత ఉన్నా వదిలేయండి.

తర్వాత అరచేతిని బొంత అడుగున పెట్టి నిమరండి. కింది చీర మడత పడి కుట్టులో ఇరుక్కోవడం అందరికీ జరిగేదే. పలచని మడతైతే నాలుగు ఉతుకుల్లో సర్దుకుంటుంది. ముడిలా గట్టిగా, పడుకుంటే వీపుకు తగిలేలా ఉంటే మాత్రం విప్పండి.

ఇక వరుసల మధ్య ఎడం. వంకర వరుస పక్క వరుసకు దగ్గరగా జరిగితే ఏమీ కాదు. దూరం జరిగి మధ్యలో బెత్తెడు కంటే ఎక్కువ ఖాళీ వస్తే, ఉతికినప్పుడు లోపలి గుడ్డలు జరిగి ఉండ కడతాయి. దీనికీ విప్పడం అక్కర్లేదు. ఆ ఖాళీలో ఇంకో వరుస కుట్టండి, సరిపోతుంది.

విప్పక తప్పనప్పుడు దారం చివర పట్టుకుని బరబరా లాగొద్దు. అడుగు వైపు నుంచి మూడు టాకాలకొకటి చొప్పున కత్తిరించి, సూది వెనక భాగంతో ముక్కముక్కగా తీయండి. తడి వేలితో గుడ్డను అటూ ఇటూ రుద్దితే పోగులు కాస్త దగ్గరకొస్తాయి. మళ్లీ కుట్టేటప్పుడు దారం మూరన్నర మించనీయకండి. పొడుగు దారం చిక్కుపడితే కంగారులో గుంజుతాం, గుంజితే బట్ట ముడుచుకుంటుంది. సగం వంకరలకు కారణం ఇదే.

చేత్తో కుట్టినట్టు కనిపించాలని కావాలని వంకర టాకాలు వేసేవాళ్లున్నారు. అలా చేయకండి. నిటారుగా రావాలనే కుట్టండి, వచ్చినంత రానివ్వండి.

'అతుకుల బొంత' అని తిట్టులా అనే మాట నాకు నచ్చదు. అమెరికాలో అలబామా రాష్ట్రపు జీస్ బెండ్ అనే పల్లె ఆడవాళ్లు పాత పని బట్టల ముక్కలతో బొంతలు కుట్టారు. వాటి గీతలు నిటారుగా ఉండవు, చతురస్రాలు సమంగా ఉండవు. 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో వాటిని ప్రదర్శించారు, 2006లో అక్కడి తపాలా శాఖ వాటి బొమ్మలతో స్టాంపులు వేసింది. నా బొంతలో ఎర్ర అతుకు ఇప్పటికీ ఉంది. మా పిల్లలు ఆ వైపే తల పెట్టి పడుకుంటారు.

ఈ వారం పని: ఒక్క టాకా కూడా విప్పకుండా ఇంకో పది వరుసలు కుట్టండి. విప్పాలనిపించిన ప్రతిచోటా పసుపు దారంతో చిన్న గుర్తు పెట్టి ముందుకు పోండి. చివర్లో మెట్టెతో, అరచేత్తో, బెత్తెడు కొలతతో చూసి, గుర్తు పెట్టినవాటిలో నిజంగా విప్పాల్సినవి ఎన్నో నోట్‌బుక్కులో రాసుకోండి. వచ్చే పాఠంలో మూలలు మడుస్తాం. ఆ నోట్‌బుక్కు దగ్గర పెట్టుకుని కూర్చోండి.