సర్జరీ తర్వాత పాప్‌కార్న్: ఎక్కడ తేడా కొడుతోంది, ఏం చేయాలి

బరువు తగ్గడానికి స్లీవ్ గానీ బైపాస్ గానీ చేయించుకున్నవాళ్లు "పాప్‌కార్న్ తినొచ్చా?" అని అడగకుండా ఉండరు. బిర్యానీ గురించి అడగడానికి మొహమాటపడేవాళ్లు కూడా దీన్ని మాత్రం ధైర్యంగా అడుగుతారు. పెద్దగా నూనె ఉండదు, తీపి ఉండదు, గుప్పెడు తింటే ఏమవుతుందిలే అన్న ధీమా. తినొచ్చు. కానీ ఎప్పుడు తిన్నారు, ఎలాంటిది తిన్నారు, దేనితో తిన్నారు అన్నవాటిలో ఏ ఒక్కటి తప్పినా ఒంట్లో తేడా తెలిసిపోతుంది. ఆ తేడా ఎలా వచ్చిందో చూసుకుంటే కారణం చాలావరకు దొరుకుతుంది.

ముందు టైమ్ సంగతి. స్లీవ్‌లో పొట్టను 75–80 శాతం వరకు తీసేసి సన్నటి గొట్టంలా మిగులుస్తారు. బైపాస్‌లో 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచి చేసి దాన్ని నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. ఏదైనా సరే, లోపలి కుట్లు మానాలి. ద్రవాలతో మొదలై, గుజ్జు, ఆ తర్వాత మెత్తటి తిండి, చివరికి మామూలు భోజనం, ఇదంతా జరగడానికి 6 నుంచి 8 వారాలు పడుతుంది. అప్పటికీ పాప్‌కార్న్ వరస రాదు. చాలా సెంటర్లు 3 నెలలు దాటేదాకా ముట్టుకోవద్దంటాయి, కొన్ని 6 నెలలు అంటాయి. మీ డిశ్చార్జ్ కాగితంలో ఏముందో అదే మీకు లెక్క. వాట్సాప్ గ్రూపులో ఇంకెవరికో రెండో నెలలోనే పడిందంటే అది వాళ్ల పొట్ట సంగతి.

ఛాతీ మధ్యలో అడ్డం పడ్డట్టుంది, నోట్లో నురగ ఊరుతోంది

ఎక్కువమందికి మొదట ఎదురయ్యేది ఇదే. రెండు మూడు గుప్పెళ్లు తిన్నాక రొమ్ము ఎముక వెనకాల ఏదో బిగుసుకుపోయినట్టు ఉంటుంది. కాసేపటికి ఉమ్మి ఆగకుండా ఊరుతుంది. వాంతి వస్తే తిన్నది రాదు, తెల్లటి నురగ వస్తుంది.

కారణం కళ్లారా చూడాలంటే ఒక పాప్‌కార్న్ పువ్వును తీసుకుని వేళ్ల మధ్య నలపండి. తెల్లటి భాగం పొడిపొడిగా రాలిపోతుంది. అడుగున ఉన్న గోధుమరంగు పొట్టు మాత్రం పల్చగా, గట్టిగా, పదునైన అంచుతో కత్తిరించిన గోరు ముక్కలా మిగిలిపోతుంది. నోట్లోనూ జరిగేది ఇదే. తెల్లటి భాగం తడి తగలగానే కరిగిపోయినట్టు అవుతుంది, నమలడం అయిపోయిందనుకుని మింగేస్తాం. పొట్టు ఏ పంటి కిందా పడకుండా లోపలికి వెళ్తుంది. అది పీచు, అరగదు. పాత పొట్టయితే పిసికి పిసికి ఎలాగోలా కిందికి పంపేసేది. ఇప్పుడు బైపాస్ సంచి నుంచి పేగులోకి దారి ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్ల వెడల్పు. అక్కడ నాలుగు పొట్టు ముక్కలు, ఒక పేలని గింజ, కాస్త పిండి ముద్ద చేరితే చాలు, దారి మూసుకుంటుంది. స్లీవ్‌లో పొట్ట వంపు తిరిగే చోట ఇరుకుగా ఉంటుంది కాబట్టి అక్కడా ఇదే కథ.

అప్పటికప్పుడు చేయాల్సింది: తినడం ఆపేయండి. లేచి నిటారుగా నిలబడి మెల్లగా అటూ ఇటూ నడవండి. ఊరే ఉమ్మిని మింగకుండా ఉమ్మేయండి. నీళ్లు తాగి కిందికి తోసేద్దాం అని అందరికీ అనిపిస్తుంది, వద్దు. దిగడానికి దారి లేక ఆ నీళ్లు పైనే నిలిచిపోయి నొప్పి ఇంకా పెరుగుతుంది. కూల్‌డ్రింక్ అసలే వద్దు. గొంతులో వేలు పెట్టుకుని కక్కడం కూడా వద్దు. పొట్ట పైభాగాన్ని బిగించే బ్యాండ్ వేయించుకున్నవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి, బలవంతంగా కక్కితే బ్యాండ్ జారే ప్రమాదం ఉంది. మామూలుగా అయితే గంటలోపు సర్దుకుంటుంది. ఆ రోజుకు పల్చటి మజ్జిగ, సూపుతో సరిపెట్టుకోండి. కొన్ని గంటలు గడిచినా సొంత ఉమ్మి మింగలేకపోతున్నా, గుక్కెడు నీళ్లు కూడా నిలవకపోతున్నా ఇంట్లో కూర్చోకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

మళ్లీ రాకుండా ఉండాలంటే జల్లెడ వాడండి. ఇంట్లో చేసిన పాప్‌కార్న్ చల్లారాక పెద్ద కన్నాల జల్లెడలో వేసి ఆడిస్తే పేలని గింజలు, ఊడిన పొట్టు కింద పడిపోతాయి. సగమే పేలినవి పైనే ఉంటాయి, వాటిని చేత్తో ఏరేయండి. తర్వాత ఒక్కో పువ్వే నోట్లో వేసుకోండి. కరిగిపోయిందనిపించాక కూడా ఇంకో పదిసార్లు నమలండి, నాలుకకు పొట్టు తగిలితే సిగ్గుపడకుండా తీసి పక్కన పెట్టండి. సినిమా హాల్లో చీకట్లో ఇదంతా జరిగే పని కాదు. అందుకే మొదటిసారి ఇంట్లోనే, పగటిపూట, అరకప్పుతో మొదలుపెట్టండి. మర్నాటిదాకా ఒళ్లు ఏమంటుందో చూసి అప్పుడు రెండోసారి. పెళ్లికో ప్రయాణానికో బయల్దేరే రోజు ఈ ప్రయోగం పెట్టుకోకండి.

తిన్న పావుగంటకే చెమటలు, గుండెదడ, బాత్రూమ్‌కి పరుగు

ఇది ఉప్పు పాప్‌కార్న్ పని కాదు. కారమెల్ పాప్‌కార్న్ తిని ఉంటారు, లేదా పక్కన తీపి కూల్‌డ్రింక్ ఉండి ఉంటుంది. దీన్ని డంపింగ్ అంటారు. బైపాస్‌లో పొట్ట చివర ఉండే కవాటం దారిలో ఉండదు కాబట్టి చక్కెర ఒక్కసారిగా చిన్నపేగులోకి దిగుతుంది. దాన్ని పల్చబరచడానికి ఒంట్లోని నీరు పేగులోకి లాగబడుతుంది. కడుపులో మెలిపెట్టడం, విరేచనం, నీరసం అందుకే. ఇది 10 నుంచి 30 నిమిషాల్లో మొదలవుతుంది. స్లీవ్ వాళ్లకు ఆ కవాటం అలాగే ఉంటుంది కాబట్టి తక్కువ, అసలు రాదని మాత్రం కాదు.

పడుకుని విశ్రాంతి తీసుకోండి, తగ్గాక నీళ్లు గుక్క గుక్కగా తాగండి. నీరసంగా ఉందని పంచదార నీళ్లు తాగితే ఇంకో విడత మొదలవుతుంది.

అయితే ఇవే లక్షణాలు తిన్న గంట నుంచి మూడు గంటల మధ్య వచ్చి, చేతులు వణికి, విపరీతంగా ఆకలేస్తే లెక్క వేరు. చక్కెర వేగంగా ఎక్కడంతో ఇన్సులిన్ అతిగా ఊరి, ఇప్పుడు షుగర్ పడిపోతోంది. గ్లూకోమీటర్‌లో చూసుకోండి. 70 కంటే తక్కువుంటే 15 గ్రాముల గ్లూకోజ్, అంటే సుమారు మూడు చెంచాల పొడి, నీళ్లలో కలిపి తాగి, కాస్త కుదుటపడ్డాక ఒక గుడ్డో పనీర్ ముక్కో తినాలి. షుగర్ మందులు ఇంకా వాడుతున్నవాళ్లు ఇలా ఒక్కసారి జరిగినా డాక్టరుకు చెప్పాలి, డోసు తగ్గించాల్సి రావచ్చు.

మనకు ఇందులో ఇంకో చిక్కు ఉంది. తొలి ఏకాదశి నాడు చేసుకునే పేలాల పిండి. పేలాలు మంచివే కదా అని ప్రసాదం రెండు ముద్దలు పెడతారు, అందులో సగం బెల్లమే. అత్తగారు నొచ్చుకోకుండా కళ్లకద్దుకుని చిటికెడు నోట్లో వేసుకుంటే చాలు.

గుండెల్లో మంట, పుల్లటి తేన్పులు

స్లీవ్ వాళ్ల ఫిర్యాదు ఇది. సన్నటి గొట్టంలో ఒత్తిడి ఎక్కువ, యాసిడ్ పైకి తంతుంది. దానికి హాల్లో బటర్, చీజ్ పొడి, లేదా ఇంట్లో నెయ్యి కారం తోడైతే చెప్పనక్కర్లేదు. సెకండ్ షో చూసి వచ్చి వెంటనే పడుకోవడం ఇంకో కారణం. పడుకోవడానికి రెండు మూడు గంటల ముందే తినడం ఆపేయండి. కాస్త ఉప్పుతో సరిపెట్టండి. పాప్‌కార్న్ మానేసిన రోజుల్లోనూ మంట ఉంటే మందు గురించి సర్జన్‌తో మాట్లాడాలి.

కడుపు ఉబ్బరం, మర్నాడు మలబద్ధకం

ఉబ్బరానికి గబగబా తింటూ గాలి మింగడం, సోడా తాగడం, స్ట్రా వాడడం కారణాలు. చీజ్ ఫ్లేవర్‌తోనే వస్తుంటే పాలు పడకపోవడం కావచ్చు, బైపాస్ తర్వాత కొందరికి ఇది కొత్తగా మొదలవుతుంది.

మలబద్ధకం దగ్గర ఒక మెలిక ఉంది. పీచు తింటే సాఫీగా అవుతుందని అందరికీ తెలుసు, నీళ్లుంటేనే అని గుర్తుండదు. తిన్నాక అరగంట దాకా నీళ్లు తాగకూడదన్న నియమం మనకుంది. గంటసేపు మెల్లగా పాప్‌కార్న్ తింటూ కూర్చుంటే ఆ గంట, పైన ఇంకో అరగంట నీళ్లు పడవు. పైగా ఉప్పు, దానికితోడు ఐరన్ మాత్ర. తినడం పదిహేను, ఇరవై నిమిషాల్లో ముగించి, రోజు మొత్తం మీద లీటరున్నర నుంచి రెండు లీటర్ల నీళ్లు పడేలా చూసుకోండి.

ఏ ఇబ్బందీ లేదు, ఎంతైనా తినగలుగుతున్నాను

నాకు అన్నిటికంటే భయం వేసేది ఈ లక్షణమే, ఎందుకంటే దీన్ని ఎవరూ లక్షణం అనుకోరు. రెండు ఇడ్లీలకే చాలనిపించే పొట్ట, పాప్‌కార్న్ మాత్రం టబ్బు మొత్తానికి చోటిస్తుంది. పొట్ట సాగిందేమో అని టెన్షన్ పడి స్కానింగ్ దాకా వెళ్లేవాళ్లున్నారు. చాలావరకు అలాంటిదేమీ ఉండదు. బాగా నమిలాక పాప్‌కార్న్ మెత్తటి పిండయిపోయి, పొట్టలో నిలవకుండా జారిపోతుంది. నిలవనిదానికి కడుపు నిండిన కబురు మెదడుకు అందదు. ఇలాంటివాటిని స్లైడర్ ఫుడ్స్ అంటారు. మరమరాలు, చెగోడీలు, చిప్స్, బిస్కెట్లు అన్నీ ఈ జాబితాలోవే. పాప్‌కార్న్ బదులు మఖానా, జొన్న పేలాలు తింటున్నామనేవాళ్లకూ ఇదే మాట. జొన్న పేలం పొట్టు చిన్నది, గొంతుకు సులువు. జారిపోవడంలో మాత్రం తేడా లేదు.

అంకెలు చూడండి. నూనె లేకుండా పేల్చిన పాప్‌కార్న్ ఒక కప్పు అంటే 8 గ్రాములు, సుమారు 30 క్యాలరీలు. మూడు కప్పులు తిన్నా 90 చిల్లర. ఇంతవరకు బాగానే ఉంది. కానీ ఆ మూడు కప్పుల్లో ప్రోటీన్ 3 గ్రాములే. రోజుకు 60 నుంచి 80 గ్రాముల ప్రోటీన్ కావాల్సిన మనిషికి అది ఏ మూలకి? ఒక గుడ్డులోనే 6 గ్రాములు ఉంటుంది, 30 గ్రాముల వేయించిన శనగల్లోనూ దాదాపు అంతే. సాయంత్రం పాప్‌కార్న్ తిన్నవాళ్లు రాత్రి ఆకలి లేదని పప్పో చికెనో వదిలేస్తారు. అసలు నష్టం అక్కడ జరుగుతుంది. ఇక హాల్లో దొరికే టబ్బుకు ఈ లెక్క వర్తించదు, దాంట్లో నూనె, బటర్ వాటా వేరే.

సర్జరీ అయిన మొదటి ఏడాది ఇది బయటపడదు, ఏం తిన్నా బరువు తగ్గుతూనే ఉంటుంది. ఏడాదిన్నర, రెండేళ్లకు తగ్గడం ఆగిపోయాక, రోజూ టీవీ ముందు మొదలైన గిన్నె కాటాలో కనబడుతుంది. అప్పుడు తప్పు సర్జరీ మీదికి పోతుంది.

దీనికి మందు మానేయడం కాదు, కొలత. ఒక టేబుల్ స్పూన్ గింజలు కుక్కర్లో వేస్తే సుమారు రెండు కప్పులవుతాయి. అంతే వేయండి, ఇంక డబ్బా లోపల పెట్టేయండి. ముందు ప్రోటీన్ తినండి, ఆ తర్వాతే గిన్నె ముట్టుకోండి. హాల్లో అయితే పక్కవాళ్ల టబ్బులోంచి ఒక పేపర్ కప్పులోకి పోయించుకుని టబ్బును అవతలి సీటుకు పంపేయండి. టబ్బు ఒళ్లో ఉంటే క్లైమాక్స్ దాకా చెయ్యి దానంతటదే వెళ్తుంది.

పాప్‌కార్న్ మీదికి తోసేయకూడనివి

పాప్‌కార్న్ తిన్న రోజే మొదలైంది కాబట్టి అదే కారణం అనుకుని గ్యాస్ మాత్ర వేసుకుని ఊరుకునేవాళ్లు చాలామంది.

మొదట పాప్‌కార్న్, తర్వాత చపాతీ, ఆపైన ఇడ్లీ, చివరికి నీళ్లు కూడా దిగడం కష్టమవుతుంటే అతుకు దగ్గర దారి సన్నబడుతోందని అనుమానించాలి. సర్జరీ అయిన కొద్ది వారాల్లో, నెలల్లో ఇలా జరగొచ్చు. ఎండోస్కోపీలో బెలూన్‌తో వెడల్పు చేస్తారు. బైపాస్ వాళ్లకు పైకడుపులో కొరికేసినట్టు నొప్పి ఉండి, సిగరెట్ అలవాటో, డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు వాడిన చరిత్రో ఉంటే అల్సర్ కావచ్చు. నల్లటి విరేచనం కనిపిస్తే ఆగకూడదు. బటర్ పాప్‌కార్న్ తిన్నాక కుడి పక్కటెముకల కింద నొప్పి మొదలై భుజానికో వీపుకో పాకితే పిత్తాశయంలో రాళ్లు చూడాలి, బరువు వేగంగా తగ్గేవాళ్లలో అవి మామూలే.

అన్నిటికంటే తొందరపడాల్సింది, బైపాస్ అయినవాళ్లకు మెలిపెట్టినట్టు వచ్చిపోయే తీవ్రమైన కడుపునొప్పి. ఏళ్ల తర్వాత కూడా లోపలి సందుల్లో పేగు ఇరుక్కోవచ్చు. ఎమర్జెన్సీకి వెళ్లి, మీకు గ్యాస్ట్రిక్ బైపాస్ (గుండెది కాదు, పొట్టది) అయిందని మొదటి మాటగా చెప్పాలి. అక్కడి డాక్టరుకు మీ పొట్ట లోపలి కొత్త అమరిక ఎలా తెలుస్తుంది? డిశ్చార్జ్ సమ్మరీ ఫోటో ఫోన్లో ఉంచుకోండి.

వాంతులు రెండు మూడు రోజులు ఆగకపోతే బీ1 విటమిన్, అంటే థయమిన్, తగ్గిపోయే ప్రమాదం ఉంది. నడక తూలడం, ఒకటి రెండుగా కనబడటం, మాట తికమక పడటం థయమిన్ లోపానికి గుర్తులు. మన ఊళ్లలో నీరసం అనగానే దగ్గర్లోని క్లినిక్‌లో గ్లూకోజ్ సెలైన్ ఎక్కించడం అలవాటు. థయమిన్ తక్కువున్న ఒంటికి ముందుగా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడుకు దెబ్బ తగలొచ్చు. బేరియాట్రిక్ సర్జరీ, అంటే బరువు తగ్గించే ఆపరేషన్ అయింది, ఇన్ని రోజులుగా వాంతులు అవుతున్నాయి, థయమిన్ ఇంజెక్షన్ ముందు ఇవ్వండి అని రోగి చెప్పలేకపోతే పక్కన ఉన్నవాళ్లయినా చెప్పాలి.