ఇంట్లో ఫ్రెండ్స్‌తో హారర్ సినిమాల వీకెండ్ ఎలా పెట్టాలి? (అందరూ పాడుచేసేది సినిమాల వరుస దగ్గరే)

అయిదారేళ్లుగా ఏడాదికి రెండు మూడుసార్లు మా ఇంట్లో హారర్ వీకెండ్ పెడుతున్నా, వేరేవాళ్లు పెడితే వెళ్తున్నా కూడా, వెళ్లిన ప్రతిచోటా అదే తంతు. పది సినిమాల లిస్ట్ వేస్తారు, మూడోది మొదలయ్యేసరికి సగం మంది నిద్ర, మిగతా సగం ఫోన్లలో.

సామాన్ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. టీవీ చాలు, పిక్చర్ మోడ్ సినిమాకి మార్చి కదలికల్ని మరీ నున్నగా చేసే మోషన్ సెట్టింగ్ ఆఫ్ చేయండి, లేకపోతే సినిమా కాస్తా డైలీ సీరియల్‌లా కనిపిస్తుంది. బ్లూటూత్ స్పీకర్ వద్దు, మాటకీ పెదవికీ తేడా వచ్చేస్తుంది, వైర్‌తో పెట్టుకోండి. కిటికీలకి దుప్పట్లు కట్టండి, రౌటర్ మీద మెరిసే లైట్‌కి కూడా ఏదో ఒకటి అడ్డం పెట్టండి. చిప్స్, మిక్చర్ ముందే గిన్నెల్లో పోసేయండి, సైలెంట్ సీన్‌లో ప్యాకెట్ కరకరలాడితే ఆ సీన్ పోయినట్టే. బిర్యానీ సినిమాకి ముందు అస్సలు పెట్టొద్దు, తిన్నాక ఎవరూ మేలుకోరు. ఎనిమిదిమందికి మించి పిలవొద్దు. రక్తం, చిన్నపిల్లలకి ఏదైనా జరగడం లాంటివి చూడలేనివాళ్లు ఉన్నారేమో ముందే విడిగా అడగండి, నలుగురిలో అడిగితే ఎవరూ చెప్పరు.

ఇక అసలు విషయం, వరుస.

రెండు రోజులకి నాలుగు సినిమాలే. అయిదోది వద్దు. ఆ నాలుగూ ఏవి అనేదానికంటే ఏది ఎప్పుడు అనేదే ముఖ్యం. నిదానంగా నడిచే సినిమా మొదట పడాలి, అందరూ మెలకువగా, కడుపు తేలిగ్గా ఉన్నప్పుడు. చాలామంది దీన్ని తిరగేస్తారు, భయంకరమైనది అర్ధరాత్రికి దాచుకుందాం అని. ఒకసారి నేనూ ఫ్రెండ్స్ మాట విని 2022లో వచ్చిన మసూదని రాత్రి ఒంటిగంటకి వేశా. అది రెండున్నర గంటలు దాటే సినిమా, మొదటి సగమంతా ఆ తల్లీకూతుళ్లనీ పక్కింటి కుర్రాణ్నీ ఓపిగ్గా పరిచయం చేస్తుంది, ఆ ఓపిక మనకీ ఉంటేనే రెండో సగం ఒంట్లోకి ఎక్కుతుంది. ఇంటర్వెల్ దగ్గర చూస్తే సోఫాలో నలుగురు ఒకరి భుజం మీద ఒకరు పడి నిద్రపోతున్నారు, ఒకడి చేతిలో టీ కప్పు అలాగే ఉంది, మీద మీగడ కట్టేసింది. అంత మంచి సినిమా వాళ్లకి ఇప్పటికీ బోర్ సినిమాగానే గుర్తుంది, నాకు అదే బాధ.

అందుకే ఇప్పుడు శనివారం ఎనిమిదిన్నరకి మసూద, పదకొండుంబావుకి అరగంట బ్రేక్, తర్వాత 2013 నాటి కాంజూరింగ్. అది రెండు గంటల లోపే, పైగా కుదిపి లేపుతుంది, నిద్రొచ్చే టైమ్‌కి కావాల్సింది అదే. ఒకటిన్నర దాటాక అయిపోతుంది, ఇంకోటి వేద్దాం అని ఎవరు బతిమాలినా టీవీ ఆపేయండి. ఆదివారం పగలు ఏమీ వద్దు, ఎండలో భయం పుట్టదు. సాయంత్రం ఆరింటికి హిందీ సినిమా తుంబాడ్, గంటా ముప్పావు, భోజనం, ఎనిమిదిన్నరకి మలయాళం సినిమా భ్రమయుగం. ఆఖరిది బ్లాక్ అండ్ వైట్, మమ్ముట్టి మొహం సగం నీడలోనే ఉంటుంది, కాబట్టి గది పూర్తి చీకటిగా ఉండాల్సిందే, ఎవరైనా నీళ్లకని ఫ్రిజ్ తెరిస్తే ఆ వెలుగు స్క్రీన్ మీద పడి మొత్తం పోతుంది. నీళ్ల బాటిళ్లు ముందే మనిషికొకటి ఇచ్చేయండి.

మధ్యలో రిలీఫ్‌కి ఒక హారర్ కామెడీ పెట్టొచ్చుగా అని ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు. వద్దు. 2013లో ప్రేమకథా చిత్రమ్ ఆడిన దగ్గర్నుంచి మనకి దెయ్యం సినిమా అంటే నవ్వు కూడా ఉండాలనే అలవాటు పడిపోయింది, ఆ సినిమా నాకూ ఇష్టమే, కానీ దానికి వేరే రోజు ఉంది. రెండు గంటలు కష్టపడి కూడగట్టిన భయం ఒక్క నవ్వుతో దిగిపోతుంది, మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టాలి. బ్రేక్‌లో కూడా లైట్లన్నీ వేయకండి, వంటింటి లైట్ ఒక్కటి చాలు. రీల్స్ చూడనివ్వద్దు. సినిమా నడుస్తుంటే పాజ్ అనే మాటే లేదు, బాత్రూమ్‌కి వెళ్లినవాళ్లు వచ్చి పక్కవాళ్లని చెవిలో అడిగి తెలుసుకోవాల్సిందే.

ఆదివారం పదకొండు లోపు అయిపోతుంది, సోమవారం ఆఫీసులుంటాయి కాబట్టి ఇది కావాలనే అలా పెట్టా. రూమ్‌లో ఒంటరిగా ఉండే ఫ్రెండ్ ఉంటే ఆ రాత్రి మీ ఇంట్లోనే పడుకోమనండి, వాళ్లు పర్లేదు అన్నా సరే. హాల్లోనే పరుపులు వేయండి, బాత్రూమ్ లైట్ తెల్లారేదాకా ఆర్పకండి.