ఆర్కిటెక్ట్, స్ట్రక్చరల్ ఇంజనీర్ కలిసి పనిచేయడం – పాఠం 4: గ్రిడ్ గీత ఎక్కడ?

పోయినసారి మీరు చేసిన గ్రిడ్ (కాలమ్‌ల చోట్లు చూపే అడ్డం, నిలువు గీతల వల) అభ్యాసాలు చూశాక, బీమ్‌ల పాఠం కాస్త వెనక్కి నెట్టక తప్పడం లేదు. గీతలు చక్కగా గీశారు, పేర్లూ పెట్టారు. ఆ గీత కాలమ్ సెంటర్‌లోంచి పోతోందా, బయటి అంచున పోతోందా అన్నది మాత్రం ఒక్కరూ రాయలేదు. చెప్పక్కర్లేదులే అనుకోవడం నా తప్పే.

ఆర్కిటెక్ట్‌కి గోడ బయటి ముఖం ముఖ్యం, ఎక్కడా కాలమ్ పొడుచుకు రాకూడదు. ఇంజనీర్ మోడల్లో కాలమ్ అంటే ఒట్టి గీత, అదీ సెంటర్‌లో. రెండు గీతల మధ్య దూరం ఇద్దరి షీట్లలోనూ అదే 6 మీటర్లు ఉంటుంది, కాలమ్ సైజు మారేదాకా ఎవరికీ అనుమానం రాదు. కింది అంతస్తులో 300×600 మి.మీ., పైన 300×450 చాలని ఇంజనీర్ అన్నాడనుకోండి, పొడవు వైపు గోడకు అడ్డంగా లోపలికి ఉంది. సెంటర్ పట్టుకుంటే అటు 75, ఇటు 75 మి.మీ. తగ్గి బయటివైపు మెట్టు పడుతుంది, ఆర్కిటెక్ట్ గోల మొదలు. బయటి అంచు పట్టుకుంటే 150 అంతా లోపలివైపే తగ్గి ముఖం నున్నగా వస్తుంది కానీ, పై కాలమ్ సెంటర్ 75 మి.మీ. బయటికి జరిగిపోతుంది. పైనుంచి 1000 కిలోన్యూటన్లు దిగుతుంటే 75 కిలోన్యూటన్-మీటర్ల మొమెంట్ (కాలమ్‌ని వంచే ప్రభావం) అదనం. ముందే తెలిస్తే ఇంజనీర్ డిజైన్‌లో వేసుకుంటాడు, కాంక్రీట్ పోశాక తెలిస్తేనే టెన్షన్.

నేనైతే బయటి వరసకి అంచు, లోపలి వాటికి సెంటర్ అని షీట్ మీదే ఎర్ర పెన్నుతో రాసేస్తాను. విసుక్కునేవాళ్లు విసుక్కోనీండి.

"చిన్న మార్పేగా, ఫోన్లో చెప్పేద్దాం" అంటారా? 1981లో కాన్సస్ సిటీ హయత్ రీజెన్సీ హోటల్లో వేలాడే నడక వంతెనలు కూలి 114 మంది పోయారు. రెండు వంతెనలనూ మోసే ఒకే పొడవాటి కడ్డీని రెండు ముక్కలుగా మార్చారు. దాంతో కింది వంతెన బరువూ పై వంతెన నట్ల మీదే పడి రెట్టింపైంది, ఆ మార్పుకి మళ్లీ లెక్క కట్టలేదు.

ఇక బీమ్, గబగబా. మొదటి స్కెచ్‌కి బీమ్ లోతు కావాలంటే స్పాన్‌ని (రెండు కాలమ్‌ల మధ్య దూరం) 12తో భాగించండి, 6 మీటర్లకి 500 మి.మీ., స్లాబ్ మందం కలుపుకునే. అంతస్తు ఎత్తు 3 మీటర్లైతే కింద మిగిలేది 2.5, ఏసీ డక్ట్, ఫాల్స్ సీలింగ్ అందులోంచే పోవాలి. డక్ట్ దారి ఎటో కాలమ్‌లు ఖాయం కాకముందే ఇంజనీర్‌కి చూపించండి. బీమ్‌లో చిల్లు పెట్టే సంగతి వచ్చే పాఠంలో.

అభ్యాసం: నాలుగంతస్తుల ప్లాన్ ఒకటి తీసుకుని ప్రతి కాలమ్ సెంటర్ ఏ అంతస్తులో ఎంత జరిగిందో పట్టిక వేయండి. 20 కాలమ్‌లైతే 80 గడులు. పోయినసారి మెట్ల దగ్గరి కాలమ్‌లు వదిలేశారు, ఈసారి అవీ కావాలి.