కాలేజీ కబడ్డీ కోచ్ కావాలంటే

అబ్బయా, మా కావలి పక్క కాలేజీలో పిల్లకాయలకు కబడ్డీ నేర్పేదానికి ముందు చదువుండాల. డిగ్రీ అయ్యాక పీఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి బీపీఈడీ (వ్యాయామ విద్యలో డిగ్రీ), ఆపైన ఎంపీఈడీ (అందులోనే పీజీ). డిగ్రీ కాలేజీలో ఆటలు చూసే ఫిజికల్ డైరెక్టర్ పోస్టుకైతే నెట్ (జాతీయ అర్హత పరీక్ష) గానీ సెట్ (రాష్ట్ర అర్హత పరీక్ష) గానీ దాటాల. పాటియాలాలో 1961లో పెట్టిన జాతీయ క్రీడా సంస్థ డిప్లొమా ఉంటే ఇంకా మేలు.

అసలు పని కోర్టులోనే. మగపిల్లలకు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. సున్నం గీతలు నువ్వే గియ్యి. కూతకు పోయే రైడర్‌కు దొరికేది 30 సెకన్లే. ఆ లోపల వాడు ఏ కాలు ముందు కదిలిస్తాడో, కార్నర్‌లో పట్టుకునేదానికి నిలబడ్డోడు రైడర్ చీలమండ మీదికి ఎప్పుడు దూకుతాడో నోటుబుక్కులో రాసుకో. ఓడిన ఆటల్ని ఇంకా వివరంగా రాయి. మోకాలు వాచిన పిల్లోణ్ణి మాత్రం, కప్పు పోయినా సరే, ఆడించొద్దు. మన ఎండలకు ప్రాక్టీసు పొద్దున్నే ముగించి, తినకుండా క్లాసుకు పోయేదెవరో కనుక్కో.