చాలా ఏళ్ళ తర్వాత ఈ తపస్సుకాలంలో పాపసంకీర్తనానికి వెళ్ళడం ఎలా?

తపస్సుకాలం, అంటే ఈస్టర్‌కు ముందు నలభై రోజులు, మొదలయ్యే విభూతి బుధవారం నుదుట బూడిద పెట్టించుకుంటాం, శుక్రవారాలు మాంసం మానేస్తాం, సిలువమార్గానికి వెళ్తాం, కానీ పాపసంకీర్తనం, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం, అనేసరికి చాలామంది ఆగిపోతారు. పెళ్ళికి ముందు చేసి మళ్ళీ ఆ వైపు వెళ్ళనివాళ్ళు ప్రతి విచారణలోనూ (ఒక గుడి కిందికి వచ్చే విశ్వాసుల సమాజంలో) ఉంటారు. ఫాదర్ ఏమనుకుంటారో అని భయం, జపాలు మర్చిపోయామని సిగ్గు. మీరూ అలాంటివారైతే ముందు లూకా సువార్త 15వ అధ్యాయం చదవండి. అక్కడ యేసు చెప్పిన కథలో, ఆస్తి పాడుచేసుకుని ఇంటికి తిరిగొస్తున్న చిన్న కొడుకు 'నన్ను కూలివాడిగా పెట్టుకో' అని అడగాలని దారి పొడవునా అనుకుంటూ వస్తాడు, తండ్రి మాత్రం కొడుకు ఇంకా దూరంగా ఉండగానే చూసి పరుగెత్తుకెళ్ళి కౌగిలించుకుంటాడు, ఆ కూలివాడి మాట బయటికి రాకముందే మంచి బట్టలు, ఉంగరం, చెప్పులు తెమ్మంటాడు. మీరు వెళ్ళేది ఆ తండ్రి దగ్గరికే.

మొదట టైమ్ చూసుకోండి. మట్టల ఆదివారం దాటితే లైన్లు పెరుగుతాయి, ఏళ్ళ సంగతులు రెండు నిమిషాల్లో చెప్పలేరు. అందుకే ముందే విచారణ గురువులకు ఫోన్ చేసి 'స్వామీ, చాలా కాలమైంది, కొంచెం సమయం కావాలి' అని అడగండి. సొంత ఊళ్ళో ఇబ్బందిగా ఉంటే పక్క ఊరి గుడికి వెళ్ళొచ్చు, తప్పేం లేదు. పోప్ ఫ్రాన్సిస్ 2014లో మొదలుపెట్టిన 'ప్రభువు కోసం 24 గంటలు' తపస్సుకాలం నాలుగో ఆదివారానికి ముందు శుక్ర, శనివారాల్లో జరుగుతుంది, మీ దగ్గర ఉందేమో కనుక్కోండి.

ముందురోజు రాత్రి ఫోన్ పక్కనపెట్టి, పవిత్రాత్మను సాయం అడిగి, పది ఆజ్ఞలు ఒక్కొక్కటే చదువుతూ మీ జీవితం చూసుకోండి. పెద్ద పాపాల దగ్గరే ఆగొద్దు. పొలం పంపకాల్లో తమ్ముడితో మాటలు మానేయడం, పనిమనిషి జీతం కోసేయడం, నిజమో కాదో తెలియకుండా ఒకరి పరువు తీసే మెసేజ్ వాట్సాప్‌లో పంపడం, ఇవన్నీ అందులో వస్తాయి. మా ఆయన తాగుతాడు, మా అత్త సాధిస్తుంది అనేవి మాత్రం మీ లిస్టులో వద్దు, అవి వాళ్ళ పాపాలు.

లోపలికి వెళ్ళాక సిలువ గుర్తు వేసుకుని, చివరిసారి ఎప్పుడు చేశారో చెప్పండి. తర్వాత పాపాలు సూటిగా చెప్పండి, ఘోరమైనవైతే సుమారు ఎన్నిసార్లో కూడా చెప్పాలి, కథంతా అక్కర్లేదు. మొహం చూపించడం ఇష్టం లేకపోతే జాలీ వెనక నుంచి చెప్పండి, ఆ హక్కు మీకుంది. మీరు చెప్పింది గురువు ఎవరికీ చెప్పకూడదు, చెబితే శ్రీసభ, అంటే కథోలిక సంఘం, వేసే శిక్ష వెలి. మనస్తాప జపం (పాపాలకు పశ్చాత్తాపపడుతూ చెప్పే జపం) రాకపోతే రాదని చెప్పండి, ఆయనే చెప్పిస్తారు, లేదా 'దేవా, పాపినైన నన్ను కరుణించు' అని సొంత మాటల్లో అడిగినా చాలు.

తర్వాత గురువు చెయ్యి చాపి, పిత పుత్ర పవిత్రాత్మ నామమున మీ పాపాలను క్షమిస్తున్నానని పలుకుతారు. ఇక్కడ వరస గమనించండి, నాకు ఎంతో ఇష్టమైనది ఇదే: ఆయన చెప్పిన ప్రాయశ్చిత్తం (జపమో, మంచిపనో) మీరు ఇంకా మొదలైనా పెట్టలేదు, క్షమాపణ అప్పటికే వచ్చేసింది. నలభై రోజులు పస్తులుండి సంపాదించుకునేది కాదది, అనుగ్రహం. నిజాయితీగా మర్చిపోయిన పాపం కూడా క్షమించబడుతుంది, అది ఘోరమైనదై తర్వాత గుర్తొస్తే వచ్చేసారి చెప్పండి. ఒకసారి చెప్పి క్షమాపణ పొందినదాన్ని మాత్రం భయంతో మళ్ళీ మళ్ళీ తవ్వుకోకండి.

ప్రాయశ్చిత్తం ఆరోజే, వీలైతే గుడిలోనే చేసేయండి. ఎవరికైనా డబ్బు ఎగ్గొట్టి ఉంటే తిరిగి ఇవ్వాలి, సువార్తలో జక్కయ్య అనే పన్నుల అధికారి తాను మోసం చేసినవాళ్ళకు నాలుగింతలు ఇస్తానన్నాడు, యేసు తన ఇంటికి వచ్చాడన్న సంతోషంతో. పెళ్ళి గుడిలో జరగలేదనో, విడిపోయి వేరొకరితో ఉంటున్నామనో ఆగిపోయినవాళ్ళు ఇంట్లో కూర్చుని తామే తీర్పు చెప్పుకోకుండా, గురువును ఒకసారి ఆఫీసులో కలిసి ఉన్నదున్నట్టు మాట్లాడండి.