ఒకటో తేదీ లెక్క – మూడో పాఠం: వడ్డీని కొలవడం

గత పాఠం చివర ఒక పని చెప్పాను. ఇంట్లో ఉన్న అప్పులన్నీ ఒకే కాగితం మీద రాయమన్నాను: ఎవరికి, ఎంత, ఏ తేదీకి. రాసినవారు ఆ కాగితం దగ్గర పెట్టుకోండి. రాయనివారు ఇక్కడే ఆగి, రాసి రండి. నేను ఎక్కడికీ పోను.

మా అమ్మ పలాసలో పాతికేళ్లు జీడి పిక్కలు వలిచింది. జీడి అంటీ అంటీ వేళ్ల చివర్లు నున్నగా అరిగిపోయాయి. ఒకటో తేదీ పొద్దున్నే గ్రామ సచివాలయం అమ్మాయి పింఛను పట్టుకొని వస్తుంది. అమ్మ యంత్రం మీద వేలు పెడుతుంది, అది ఒప్పుకోదు. కొంగుతో తుడిచి ఇంకో వేలు పెడుతుంది. మూడో వేలికో నాలుగో వేలికో కరుణిస్తుంది. నాలుగు వేలు చేతిలో పడతాయి. సరిగ్గా అప్పుడే వీధి మొదట్లో మోటారు సైకిలు ఆగిన చప్పుడు. రోజువారీ ఫైనాన్సు కుర్రాడు. పింఛను తేదీ మనకెంత బాగా తెలుసో అతనికీ అంతే బాగా తెలుసు.

అతను ఇచ్చిన కార్డు ఇప్పటికీ నా దగ్గర ఉంది. గులాబీ రంగు అట్ట మీద వంద గళ్లు, గడికొక సంతకం. పైన ‘10,000’ అని రాసి ఉంటుంది. అమ్మ చేతికి వచ్చింది 9,000. వెయ్యి ముందే పట్టుకున్నాడు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. ‘వెయ్యే కదా వడ్డీ, నూటికి పది’ అనుకుంది అమ్మ. ఆమెనేమంటాను, నేనూ అలాగే అనుకున్నాను.

ఇప్పుడు పెన్సిలు తీసుకోండి. కార్డు మీద ఏ అంకె ఉన్నా పట్టించుకోకండి, చేతికి వచ్చినదే అప్పు. అది 9,000. తిరిగి కట్టేది 10,000. తేడా 1,000, అదే వడ్డీ. ఇంతవరకు అందరూ చేస్తారు. తప్పిపోయేది తరువాతి మెట్టు దగ్గర. ఆ తొమ్మిది వేలు వంద రోజులూ మీ దగ్గర లేవు. మొదటి రోజు మొత్తం ఉంది, యాభయ్యో రోజుకు దాదాపు సగం వెనక్కి వెళ్లిపోయింది, వందో రోజుకు ఏమీ లేదు. అంటే వంద రోజులకు సగటున మీరు వాడుకున్నది అందులో సగం, 4,500. వడ్డీని ఆ సగం మీద వేయాలి. వెయ్యిని 4,500తో భాగించి వందతో గుణిస్తే 22 రూపాయల పైచిలుకు. ఇది మూడు నెలల పది రోజులకు. నెలకు ఎంతో చూస్తే నూటికి 6 రూపాయల 60 పైసలు దాటుతుంది. ఇది ఉజ్జాయింపు లెక్క. బ్యాంకు పద్ధతిలో వేస్తే 6 రూపాయల 40 పైసల దగ్గర తేలుతుంది. మనకు ఉజ్జాయింపు చాలు.

ఊళ్లో ప్రామిసరీ నోటు మీద నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి ఇచ్చేవారిని మనం తిట్టుకుంటాం. వారి దగ్గర అదే 9,000 తీసుకొని వంద రోజుల తరువాత ఒకేసారి తీరిస్తే వడ్డీ 900. పైకి చూస్తే వెయ్యికీ తొమ్మిది వందలకూ పెద్ద తేడా కనిపించదు. కానీ ఇక్కడ వంద రోజులూ డబ్బు మొత్తం మీ దగ్గరే ఉంది. రోజువారీ అప్పు దీనికి రెండింతల ఖరీదు. మూడు రూపాయల వడ్డీ మంచిదని చెప్పడం లేదు, అదీ ఏడాదికి ముప్పై ఆరు శాతం.

ఇక ఇదే అప్పు డ్వాక్రా సంఘం పొదుపులోంచి రూపాయి వడ్డీకి దొరికిందనుకోండి. నెలకు 900 అసలు చొప్పున పది నెలలు. మొదటి నెల వడ్డీ 90, తరువాత 81, అలా తగ్గుతూ చివరి నెల 9. మొత్తం 495 రూపాయలు. సంఘానికి బ్యాంకు నేరుగా ఇచ్చే లింకేజీ అప్పు ఇంకా చవక. సంఘానికి మూడు లక్షల వరకు ఏడాదికి ఏడు శాతమే, అంటే నూటికి నెలకు అరవై పైసలు కూడా పడదు. కాకపోతే సంఘం అప్పుకు సమావేశం దాకా ఆగాలి, తీర్మానం రాయాలి. ఫైనాన్సు కుర్రాడు అరగంటలో ఇస్తాడు. ఆ అరగంటకే మనం కడుతున్నది.

వడ్డీ రేటు ఒక్కటే చూస్తే సరిపోదు. రోజుకు వంద అంటే నెలకు మూడు వేలు. పింఛను నాలుగు వేలు. మిగిలే వెయ్యితో అమ్మ నెలంతా నెట్టుకురావాలి. రేషన్ కార్డు మీద బియ్యం వస్తాయి, నిజమే. నూనె, చింతపండు, బీపీ మాత్రలు ఎక్కడినుంచి వస్తాయి? వాటికోసం రెండో అప్పు పుడుతుంది. ‘అప్పు చేసి పప్పు కూడు’ అని సామెత కట్టినవారు ఈ ఇంటిని చూసి ఉండరు.

అందుకే నేను పెట్టుకున్న హద్దు పావు. అన్ని అప్పుల వాయిదాలూ కలిపి పింఛనులో నాలుగో వంతు దాటకూడదు. నాలుగు వేలకు వెయ్యి. సంఘం అప్పు మొదటి వాయిదా 990, సరిగ్గా ఇముడుతుంది. సూక్ష్మరుణాలకు రిజర్వు బ్యాంకు 2022లో పెట్టిన నియమం ప్రకారం వాయిదాలన్నీ కలిపి కుటుంబ నెల ఆదాయంలో సగం మించకూడదు. అది అప్పు ఇచ్చేవారికి గీసిన గీత. అక్కడిదాకా వెళ్లాలని మనకేమీ లేదు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మా ఉద్దానంలో డయాలసిస్ పింఛను పది వేలు వచ్చే ఇళ్లకైతే ఈ పావు లెక్క కూడా చెప్పను. ఆ డబ్బుకు ఆస్పత్రి ప్రయాణాలు, మందులు ముందే కాచుకొని ఉంటాయి.

ఒక చిన్న మెలిక. ఒకటో తేదీ సెలవు రోజైతే పింఛను ముందురోజే ఇచ్చేస్తున్నారు. సంతోషమే, కానీ తరువాతి పింఛనుకు ఒక రోజు దూరం పెరుగుతుంది. ఆ నెల ఖర్చును ఒక రోజు ఎక్కువకు సర్దుకోండి.

2024 జూలై 1న పెంచిన పింఛను, మూడు నెలల బకాయి కలిపి ఏడు వేలు వచ్చాయి. అమ్మ అందులో మూడు వేలు తీసుకెళ్లి నోటు మీద అప్పు ఇచ్చినాయన చేతిలో పెట్టింది. డబ్బు ముట్టినట్టు నోటు మీద చెల్లు రాయించలేదు. సంక్రాంతికి లెక్క చూస్తే ఆయనకు ఆ మూడు వేలు గుర్తు లేవు. ఎంత తక్కువ కట్టినా నోటు వెనుక తేదీతో చెల్లు రాయించి ఫోనులో ఫొటో తీసుకోండి, మీ పుస్తకంలో ఆయన సంతకం పెట్టించుకోండి. ఖాళీ నోటు మీద సంతకం, ఏటీఎం కార్డు పూచీగా ఇవ్వడం వంటివన్నీ నాలుగో పాఠంలో విడిగా చూద్దాం. ఈలోగా ఎవరైనా నోటు పట్టుకొని బెదిరిస్తే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు 15100 మీద ఫోను చేయండి. మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా న్యాయ సహాయం దొరుకుతుంది.

అభ్యాసం: వారాల అప్పు 20,000. ఖర్చుల కింద 600 పట్టుకొని మిగతాది ఇచ్చారు. వారానికి 450 చొప్పున 52 వారాలు కట్టాలి. నూటికి నెలకు ఎంత పడిందో పైన చెప్పిన పద్ధతిలోనే కట్టండి, నెలలు పన్నెండు అనుకోండి. 3 రూపాయల 40 పైసల దగ్గర తేలితే మీ లెక్క సరే. ఆరేడు రూపాయలు వస్తే అప్పును రెండుసార్లు సగం చేసినట్టు. ఆ తరువాత మీ కాగితం మీది అప్పులకు కూడా ఒక్కొక్కదానికీ ఇదే లెక్క వేసి, అన్నిటికంటే ఎక్కువ వడ్డీ పడుతున్న దాని చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఉంచండి.